రాయపురం డాబా మీద మిరియాల తీగ

మా అమ్మమ్మది సామర్లకోట. పెళ్ళయి మద్రాసు వచ్చాక రాయపురం దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళలేదు. మాకు జలుబు చేస్తే మిరియాల చారు కాచేది. చారు పోస్తూ ప్రతిసారీ ఒకే మాట అనేది: "మిరియాలు మన కొండల్లో కూడా కాస్తాయిరా." మేము నవ్వేవాళ్ళం. మిరియాలంటే మలయాళ దేశం సరుకు కదా, పుట్టింటి మీద మమకారంతో అంటోందిలే అనుకునేవాళ్ళం.

ఒకసారి ఎవరో తెచ్చిచ్చిన తీగని డాబా మీద కుండీలో నాటింది. ఏప్రిల్ దాకా పచ్చగా ఉంది. కత్తిరి ఎండలు రాగానే ఆకులు మాడిపోయి, వారంలో తీగంతా ఎండిపోయింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి పాత పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, అమ్మమ్మ చెప్పింది నిజమేనని.

మన తీరానికి మిరియాలు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సరుకుల మీద సుంకాల పట్టిక ఉంది. కర్పూరం, ముత్యాలు, పట్టు, పోకచెక్కలతో పాటు అందులో మిరియాలూ ఉన్నాయి. అప్పటికి మనకి మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ వెంట వచ్చింది. కారానికి అంతకుముందు దిక్కు మిరియాలే. కొత్తగా వచ్చిన కాయకి పేరు కూడా పాత మిరియం పోలికతోనే పెట్టుకున్నాం. అరవంలోనూ అంతే, మిళగు నుంచి మిళగాయ్.

అయితే రేవులో సుంకం కట్టించుకోవడం వేరు, ఇంట పండించుకోవడం వేరు. ఆ రెండో కథ అమ్మమ్మ ఊళ్ళోనే జరిగింది.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో చేరాడు. 1781లో ఆయన్ని సామర్లకోటకి పంపారు. వైద్యం ఒక పక్క, మొక్కల పిచ్చి ఒక పక్క. అక్కడ పెద్ద తోట వేశాడు. మొక్కల బొమ్మలు వేయడానికి ఇక్కడి చిత్రకారుల్నే పెట్టుకున్నాడు. ఆయన వర్ణించిన ఎన్నో మొక్కల పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి.

సామర్లకోటకి ఉత్తరాన ఉన్న కొండల్లో, తడి నేల ఉన్న లోయల్లో, చెట్లకి అల్లుకుని అడవి మిరియాల తీగలు ఆయన కంటబడ్డాయి. ఆ మొక్కకి ఆయన పెట్టిన శాస్త్రీయ నామం పైపర్ ట్రయాయికమ్. ఆడ పూలు, మగ పూలు, రెండూ కలిసిన పూలు వేర్వేరు తీగల మీద చూసి, మూడిళ్ళది అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. ఆ మిరియాల్ని చూసిన మద్రాసు వర్తకులు మలబారు సరుకుకి తీసిపోవని మెచ్చుకున్నారని కూడా రాశాడు.

కంపెనీకి ఆశ పుట్టింది. అప్పట్లో మలబారు టిప్పు సుల్తాన్ చేతిలో ఉంది. సొంత జిల్లాల్లోనే మిరియాలు పండితే ఎవర్నీ అడగక్కర్లేదు. 1780ల చివర్లో సామర్లకోటలో వేల తీగలతో మిరియాల తోట లేచింది.

ఆ కాలం మాత్రం కలిసిరాలేదు. 1787 మే తుఫానుకి కోరంగి తీరం మునిగిపోయింది. రాక్స్‌బర్గ్ పుస్తకాలూ, దాచుకున్న మొక్కల నమూనాలూ ఆ నీళ్ళపాలయ్యాయి. ఆ వెనకే 1790 ప్రాంతంలో సర్కారు జిల్లాల్ని ఘోరమైన కరువు పట్టుకుంది. మిరియాల కోసం తోట వేసిన మనిషే, ఇక్కడ ముందు నాటాల్సినవి జనానికి తిండి పెట్టే కొబ్బరి, తాటి, పనస లాంటి చెట్లని కంపెనీకి రాశాడు. నాకు ఈ చరిత్రలో ఎక్కువ గుర్తుండిపోయే భాగం ఇదే.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో మలబారు కంపెనీ చేతికొచ్చింది. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. తర్వాత తోట చూసుకున్న బెంజమిన్ హైన్ కూడా 1800 ప్రాంతంలో బెంగుళూరు చేరాడు. సామర్లకోట మిరియాలు నిలదొక్కుకోలేదు.

తీగ తప్పేమీ లేదు. దాన్ని కొండ మీంచి మైదానానికి దింపారు. అక్కడ దానికి దొరికే పెద్ద చెట్ల నీడ, ఆకులు కుళ్ళిన మెత్తటి నేల, గాలిలో తేమ ఇక్కడ ఉండవు. ఇవాళ పాడేరు, చింతపల్లి వైపు వెళ్తే కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నిండా మిరియాల తీగలు కనిపిస్తాయి. గిరిజన రైతులు కాఫీతో పాటు ఆ పంట కూడా తీసుకుంటున్నారు. మన కొండల్లో కాస్తాయన్న మాటకి అంతకన్నా రుజువేం కావాలి?

ఇది తెలిశాక నేనూ మళ్ళీ నాటాను. ఈసారి పాకే తీగ కాదు, పొద మిరియం. మిరియాల తీగకి పైకి పాకే కొమ్మలు, నేల మీద సాగే కొమ్మలు, పక్కకి వచ్చి కాపు కాసే కొమ్మలు ఉంటాయి. ఆ పక్క కొమ్మని వేరు పట్టిస్తే అది పాకదు, కుండీలోనే గుబురుగా పెరిగి కాస్తుంది. డాబా ఇళ్ళకి అదే నయం.

ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపాను. నీళ్ళు నిలవకూడదు, అలాగని మట్టి ఎండిపోకూడదు. తూర్పు గోడ పక్కన, పైన నీడ వల. సముద్రం దగ్గర కాబట్టి మా బోరు నీళ్ళు ఉప్పన, అవి పోస్తే ఆకు అంచులు మాడతాయి. వాననీళ్ళు పట్టి ఉంచుకుంటాను. ఎండాకాలంలో సాయంత్రం ఆకుల మీద కూడా నీళ్ళు చల్లుతాను.

మూడో ఏట కంకులు వచ్చాయి. పూత నుంచి కోతకి ఆరేడు నెలలు పట్టింది. కంకిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడగానే కోసి, మరిగే నీళ్ళలో నిమిషం ముంచి, ఎండబెట్టాను. పచ్చి గింజలు మూడు కిలోలైతే ఎండినవి సుమారు కిలో అవుతాయట. మాకు వచ్చింది కిలోల లెక్క కాదు, ఒక చిన్న గిన్నెడు.

మొదటి గింజలు దంచి చారులో వేశాం. మా పాప ఒక గుక్క తాగి, "ఇవి ఎక్కడివి నాన్నా?" అని అడిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "ముత్తమ్మమ్మ కొండలవి" అన్నాను.