వీరగల్లు

కల్లు అనగానే తాటిచెట్టును తలచువారు క్షమింతురుగాక, ఈ కల్లు రాయి. పెండ్లిలో వధువు పాదము మోపెడి సన్నికల్లులో నేటికిని నిలిచియున్న యీ ప్రాచీన ద్రావిడపదమే, కన్నడమునకును మనకును ఉమ్మడియై, వీరశబ్దముతో గూడి, కకారము గకారముగా మెత్తబడి, పోరున గూలినవాని పేర నాటిన శిలకు పేరైనది. సన్నికల్లులో మాత్రము కకారము చెక్కుచెదరలేదు. వంటింటి మాటలు మొండివి.

పల్నాట ఈ యాచారము మిక్కిలి పాతది. నాగార్జునకొండయందలి యిక్ష్వాకుల నాటి ప్రాకృతశాసనములు ఇట్టి స్మారకమును ఛాయాస్తంభమనెడివి. శాంతమూల మహారాజునకు సైతము అట్టిదొకటి నిలిపిరి. పోయినవాని నీడకు రాతిని ఆశ్రయముగా నిచ్చిన ఆ మాట నాకు వీరగల్లుకంటెను ప్రియమైనది.

స్కాట్లండు పల్లెలలో పాత చర్చి యావరణలయందలి సమాధిశిలలపై పుఱ్ఱెను, ఎముకలను, ఇసుకగడియారమును చెక్కి మృత్యువును జ్ఞాపకము చేసిరి. మన శిల్పియో, క్రింద కత్తి దూసిన వీరుని నిలిపి, పైయంతస్తున అప్సరసలచేత వానిని స్వర్గమునకు మోయించును.

కారంపూడిలో, నాగులేటి చెంత, 12వ శతాబ్దమునాటి పల్నాటి యుద్ధమున పడినవారికి వీరులగుడి గలదు. ఏటేట కార్తికామావాస్య మొదలుకొని అయిదునాళ్లు, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఉత్సవము జరుగును. వీరాచారవంతులు తమ పూర్వుల కొణతములనెడి ఆయుధములను మోసికొనివత్తురు.

పత్తిచేని గట్టున కత్తిపట్టిన బొమ్మరాయి కనబడినచో దానిపై కొడవలి నూఱకుడు, మిరపబస్తాలకు ఆనింపు చేయకుడు. ఊరి పెద్దలనడిగి దాని పేరు తెలిసికొనుడు.