గుంటూరు లెక్క

2000ల మొదట్లో హైదరాబాదులో సిటీబస్సు ఎక్కినవాళ్ళెవరూ పులిరాజాని మర్చిపోయి ఉండరు. తమిళనాట పుళ్ళిరాజాగా అవతరించి, మన దగ్గరికొచ్చి పులిరాజా అయ్యాడు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని గోడల మీదా, బస్సుల మీదా ఒకటే ప్రశ్న. ఆ ప్రకటన మంచిదా చెడ్డదా అని అప్పట్లో బోలెడు వాదోపవాదాలు జరిగాయి. నాకు మాత్రం అంతకంటే ఆసక్తికరంగా తోచిన ప్రశ్న వేరే ఉంది. ఎంతమంది పులిరాజాలకి వచ్చిందో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? ఎవరి మొహం మీదా రాసి ఉండదు, ఏళ్ళ తరబడి లక్షణాలు బయటపడవు, పరీక్షకి రమ్మంటే ఎవడూ రాడు. అలాంటి జబ్బుని ఎలా లెక్కపెడతారు?

కథ 1986లో మద్రాసులో మొదలవుతుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజిస్టు డాక్టర్ సునీతి సోలొమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించి వెల్లూరు సీఎంసీలో పరీక్ష చేయించారు. "మన సంస్కృతిలో అలాంటివి ఉండవు" అని పెద్దలంతా ధీమాగా ఉన్న రోజులవి. నమూనాల్లో వైరస్ జాడ దొరికింది. ధీమా పోవడానికి మాత్రం ఇంకొన్నేళ్ళు పట్టింది.

1992లో నాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు 8.4 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. డబ్బుంది కానీ ఖర్చుపెట్టే నాథుడు లేడు. ఢిల్లీ నుంచి రాష్ట్ర ఖజానాకి, అక్కడినుంచి ఆరోగ్యశాఖకి, ఫైలు మీద ఫైలు. పైగా ఈ జబ్బు పని అంటే లారీ డ్రైవర్లతో, సెక్స్ వర్కర్లతో మాట్లాడటం. ఏ గెజిటెడ్ ఆఫీసరు వెళ్తాడు? దీనికి తమిళనాడు 1994లోనే ఒక ఉపాయం కనిపెట్టింది: శాఖతో పని లేకుండా రిజిస్టర్డ్ సొసైటీ పెట్టెయ్యడం. పైన ఐఏఎస్ అధికారే ఉంటాడు, కానీ డబ్బు అప్పట్లో నేరుగా సొసైటీ ఖాతాలోకి వచ్చేది, మనుషుల్ని కాంట్రాక్టు మీద తీసుకోవచ్చు, పనిని స్వచ్ఛంద సంస్థలకి అప్పజెప్పొచ్చు. మన భాషలో చెప్పాలంటే పెద్ద కంపెనీలో ఏ అప్రూవల్ గొడవా లేని చిన్న టీముని విడదీసి పెట్టడం. తర్వాత దేశమంతా ఇదే పద్ధతి. మన ఏపీశాక్స్ 1998లో పుట్టింది.

నివారణ పని అసలు ఎవరు చేస్తారంటే, డాక్టర్లు కాదు. ఆ వృత్తిలోనో ఆ సమూహంలోనో ఉన్నవాళ్ళనే ఎంచుకుని శిక్షణ ఇస్తారు. సుమారు అరవై మందికి ఒకరు. ఆ ఒకరికీ తన అరవై మంది పేర్లు, ఇళ్ళు, ఎప్పుడు పరీక్షకి తీసుకెళ్ళాలి, ఎవరికి ఎన్ని కండోములు కావాలి, అన్నీ తెలుసు. 1992లో కలకత్తా సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎక్కడో హోర్డింగు పెట్టడం కంటే ఈ అరవై మంది లెక్క వందరెట్లు నయమని నా నమ్మకం.

సరే, దేశం మొత్తం లెక్క సంగతికొద్దాం. 1998 నుంచి సెంటినల్ సర్వైలెన్స్ అని ఒక ఏర్పాటు పెట్టారు. ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి సిఫిలిస్ పరీక్ష కోసం ఎలాగూ రక్తం తీస్తారు కదా, అందులో మిగిలినదాని మీంచి పేరు చింపేసి హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. ఒక్కో కేంద్రంలో 400 నమూనాలు. సుఖవ్యాధుల క్లినిక్కుల్లో అయితే 250. అందరి దగ్గరికీ వెళ్ళలేం, కాబట్టి గర్భిణులని మామూలు జనాభాకి ప్రతినిధులుగా తీసుకుని, ఆ శాతాన్ని జిల్లా అంతటికీ గుణించి, దానికి సుఖవ్యాధుల క్లినిక్కు లెక్క కూడా కలిపేవారు. వచ్చినదే అప్పటి అధికారిక అంచనా.

ఈ అంచనాలు ఏటా పైపైకి పోయాయి. 2002 సెప్టెంబరులో అమెరికా గూఢచారి వర్గాల నివేదిక ఒకటి, 2010 కల్లా భారతదేశంలో 2 నుంచి 2.5 కోట్ల మందికి హెచ్ఐవీ ఉంటుందని జోస్యం చెప్పింది. ఆ నవంబరులోనే బిల్ గేట్స్ వచ్చి 10 కోట్ల డాలర్లు ప్రకటించాడు (ఆ పర్యటనలో మనవాళ్ళకి సాఫ్ట్‌వేర్ వార్తే గుర్తుండి ఉంటుంది). 2006లో ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ఎయిడ్స్, 57 లక్షలతో ప్రపంచంలో మనదే మొదటి స్థానం అని తేల్చింది. దేశంలో ఆంధ్రా ముందు వరసలో. మన జిల్లాల పేర్లు ఇంగ్లీషు పత్రికల్లో ఎక్కింది ఎక్కువగా అప్పుడే.

ఇక్కడే గుంటూరు వస్తుంది. హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో పనిచేసే లలిత్ దండోనా బృందం 2004-05లో ఒక మొండి పని చేసింది. ఆసుపత్రిలో కూర్చోకుండా గుంటూరు జిల్లాలో 66 చోట్ల ఇంటింటికీ తిరిగి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గర రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి తెచ్చింది. దాదాపు 12,600 మంది ఇచ్చారు. అడగ్గానే ముక్కూమొహం తెలియనివాళ్ళకి రక్తం ఇచ్చిన ఆ జిల్లా జనానికి దణ్ణం పెట్టాలి.

ఫలితం: జిల్లాలో హెచ్ఐవీ ఉన్న పెద్దవాళ్ళు సుమారు 45,900. అధికారిక పద్ధతిలో అదే జిల్లాకి వచ్చేది సుమారు 1,12,600. రెండున్నర రెట్లు తేడా!

ఎక్కడ తప్పింది? పరీక్ష కిట్లలో కాదు. ప్రైవేటు నర్సింగు హోములో గర్భిణికి పాజిటివ్ వచ్చిందనుకోండి, లేదా అనుమానం వచ్చిందనుకోండి. "మా దగ్గర కుదరదమ్మా, పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని చేతులు దులిపేసుకుంటారు. ఆ పెద్దాసుపత్రే సెంటినల్ కేంద్రం. అంటే జిల్లాలో పాజిటివ్ వచ్చినవాళ్ళందరినీ తరిమి తరిమి సరిగ్గా థర్మామీటరు పెట్టిన చోటికే పంపుతున్నారన్నమాట. పైగా ప్రభుత్వాసుపత్రికి వచ్చేది ఎక్కువగా పేదవాళ్ళు, జబ్బు వాళ్ళలో ఎక్కువ. దీని మీద సుఖవ్యాధుల క్లినిక్కు అంకె కూడా కలిపితే ఇంకాస్త పొంగుతుంది. సపోర్ట్ డెస్క్‌కి వచ్చిన ఫిర్యాదులు చూసి యూజర్లలో సగం మందికి ప్రోగ్రాము పనిచెయ్యట్లేదని తేల్చడం లాంటిది. నన్నడిగితే ఆ 66 వేల పైచిలుకు తేడాలో కొంత భాగం గణాంక దోషం కాదు, వైద్యులు చూపిన వివక్షకి కొలత.

తర్వాత మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లక్షమందికి పైగా పరీక్ష చేసింది. అదీ గుంటూరు మాటే చెప్పింది. 2007 జులైలో నాకో దేశం లెక్కని 25 లక్షలకి దించింది. వెంటనే "అంతా బోగస్, విదేశీ నిధుల కోసం ఆడిన నాటకం" అన్నవాళ్ళు బయల్దేరారు. వాళ్ళు రెండు విషయాల్ని కలగాపులగం చేశారు. కాటా ఐదు కిలోలు ఎక్కువ చూపిస్తుంటే మీ బరువు తప్పే, కానీ నెలనెలా అదే కాటా మీద నిలబడితే తగ్గుతున్నారో లేదో తెలుస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ గర్భిణుల నమూనాల్లోనే, 15-24 ఏళ్ళ వయసువాళ్ళలో 2000లో 1.7 శాతం ఉన్నది 2004కి 1.1కి దిగిందని 2006లో లాన్సెట్ పత్రికలో రాజేష్‌కుమార్, ప్రభాత్ ఝా తదితరులు చూపించారు. స్థాయి తప్పు, దిశ ఒప్పు. అరవై మందికి ఒకరు చొప్పున తిరిగినవాళ్ళ కష్టం వృథా పోలేదనే నేననుకుంటాను.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. పేరు చింపేసిన నమూనాలో పాజిటివ్ వస్తే ఆ తల్లికి చెప్పడం కుదరదు. ఎవరిదో తెలియదు కాబట్టి. గోప్యత కోసం పెట్టిన నియమమే, తప్పనలేం. కానీ బిడ్డకి సోకకుండా ఆపే నెవిరపిన్ మాత్ర 2000ల మొదట్లోనే మన ఆసుపత్రుల్లోకి వచ్చింది. దేశం అంకె తెలుసుకుంది, ఆవిడకి తెలియలేదు. అందుకే చెప్పే పరీక్ష, అంటే కౌన్సెలింగుతో చేసే ఐసీటీసీ కేంద్రాలు పెరగడం అసలు మలుపు అంటాను. అక్కడ ఒక కౌన్సెలరు, ఒక ల్యాబ్ టెక్నీషియను. ముందు మాట్లాడతారు, ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, చాలావరకు అదే రోజు ఫలితం చేతికిచ్చి మళ్ళీ మాట్లాడతారు.

మొదటి కిట్‌లో లేదంటే లేనట్టే. ఉందంటే మాత్రం వేరే రకం కిట్లతో ఇంకో రెండుసార్లు. మూడూ ఔనంటేనే పాజిటివ్. ఎందుకింత చాదస్తం? లెక్క వేసి చూడండి. పదివేల మందిలో 30 మందికి వైరస్ ఉందనుకుందాం. లేనివాళ్ళలో 99.5 శాతం మందికి సరిగ్గా చెప్పే మంచి కిట్టే అనుకుందాం. మిగతా 9,970 మందిలో దాదాపు 50 మందికి తప్పుగా ఔనంటుంది. ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళే ఎక్కువ! పెళ్లికి ముందు అందరికీ పరీక్ష తప్పనిసరి చేసెయ్యాలనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క కిట్‌తో ఎన్ని సంబంధాలు చెడేవో ఊహించుకోండి. సోకిన కొత్తల్లో పరీక్షకి దొరకని రోజులుంటాయన్నది వేరే గొడవ.

2004 ఏప్రిల్ నుంచి ఉచిత మందులు, 2017 నుంచి పాజిటివ్ అని తేలినవాళ్ళందరికీ వెంటనే మందులు వచ్చాయి. మందు లేని రోజుల్లో "తెలుసుకుని ఏం చెయ్యను" అన్నవాడికి జవాబుండేది కాదు. 2023 అంచనా ప్రకారం దేశంలో హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళు 25 లక్షల పైచిలుకు. 2007 అంకెలాగే కనిపిస్తోంది కానీ అర్థం మారింది. మందులతో బతికి ఉన్నవాళ్ళు కాబట్టి ఆ అంకె తగ్గదు.

2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి ఈ పరీక్ష షరతుగా పెట్టకూడదు. వందమంది, అంతకు పైబడి పనిచేసే ప్రతి సంస్థలో దీనికోసం ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. అంటే మనలో చాలామంది ఆఫీసుల్లో ఉండాలి. మా హెచ్చార్‌ని ఆయనెవరని అడిగితే ముందు కాస్త అనుమానంగా చూసి, తర్వాత క్యాంటీన్ కమిటీ నంబరు ఇచ్చారు.