ముద్దాయి గడిలో ఎవరి పేరు? ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసుల నేరబాధ్యత

తెలుగు పత్రికలు వాడే ‘ఎదురుకాల్పులు’ అన్న మాటలోనే ఒక తీర్పు ఉంది. అవతలివాళ్లు ముందు కాల్చారనీ, పోలీసులు ప్రాణం కాపాడుకోవడానికే తుపాకీ ఎత్తారనీ ఆ మాటే చెప్పేస్తుంది. పంచనామా పూర్తికాకముందే శీర్షికలో ఆత్మరక్షణ రుజువైపోతుంది. జనం నోట మాత్రం వేరేలా వినిపిస్తుంది. “వాణ్ణి ఎన్‌కౌంటర్ చెయ్యాలి” అంటారు, “నలుగుర్నీ ఎన్‌కౌంటర్ చేశారు” అంటారు. జరిగింది అనరు, చేశారు అంటారు. అది తలపెట్టి చేసిన పని అని ఆ క్రియాపదమే ఒప్పుకుంటోంది. జనానికి తెలిసిన ఈ సంగతి పోలీసు రికార్డులోకి ఎందుకు ఎక్కదన్నదే ఈ వ్యాసం వెతికే ప్రశ్న.

జవాబు ఎఫ్‌ఐఆర్‌లో ఉంది. కాల్పుల్లో మనిషి చనిపోగానే, ఆ కాల్పుల్లో పాల్గొన్న అధికారే స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తాడు. తమపై హత్యాయత్నం జరిగిందని ఐపీసీ 307 (ఇప్పటి భారతీయ న్యాయసంహితలో 109) కింద కేసు కడతారు. ముద్దాయి గడిలో చనిపోయినవాడి పేరు ఎక్కుతుంది. చనిపోయినవాణ్ణి విచారించడం కుదరదు కాబట్టి కేసు అక్కడితో ముగుస్తుంది. ఒక ప్రాణం పోయినా, ఆ ప్రాణం ఎలా పోయిందన్న ప్రశ్న చాలాసార్లు ఏ కోర్టు ముందుకూ రాదు. నా దృష్టిలో పోలీసు కాల్పుల చర్చకు మూలం ఇదే. మిగిలిన వాదాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ పద్ధతిపై సుదీర్ఘ పోరాటం తెలుగు నేలమీద సాగింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 1977లో నిజనిర్ధారణకు ఏర్పడిన తార్కుండే కమిటీ ఆ మరణాలను హత్యలుగా తేల్చింది. తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ పని మధ్యలోనే ఆగిపోయింది. రెండు దశాబ్దాల తర్వాత ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవహక్కుల కమిషన్ 1996 నవంబరులో, ఇలాంటి మరణాల్లో పాటించాల్సిన పద్ధతిని నిర్దేశిస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చింది. 1997 మార్చిలో కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అదే పద్ధతిని పాటించాలని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖలు రాశారు. మన అడవుల్లో రాలిన ప్రాణాల మీద మొదలైన ఫిర్యాదు దేశానికంతటికీ మార్గదర్శకమైంది. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో కనపడకపోవడం నన్ను బాధిస్తుంది.

అసలు మలుపు 2009 ఫిబ్రవరి 6న వచ్చింది. 2006 జులైలో నల్లమలలో ఎనిమిది మంది మరణించిన ఘటనతో మొదలైన కేసులో జస్టిస్ గోడా రఘురాం నేతృత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే, కాల్చినవారిపై నేరపూరిత నరహత్య కింద కేసు నమోదు చేసి దర్యాప్తు జరపాల్సిందేనంది. ఆత్మరక్షణ అనేది కోర్టులో రుజువు చేసుకోవాల్సిన వాదనే తప్ప దర్యాప్తును ఆపే కారణం కాదంది. మెజిస్టీరియల్ విచారణ దర్యాప్తుకు బదులు కాజాలదని కూడా చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది మార్చిలో తీర్పు అమలుపై స్టే వచ్చింది.

పోలీసుల భయాన్ని కొట్టిపారేయలేం. 1999 సెప్టెంబరులో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర హైదరాబాద్ నడిరోడ్డుపై హతమయ్యారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో లాంచీపై దాడి జరిగి ముప్ఫైమందికి పైగా గ్రేహౌండ్స్ (నక్సల్ వ్యతిరేక పోలీసు దళం) జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాలకు తెగించి వెళ్లిన జవానుపై తిరిగి వచ్చాక హత్యకేసు పెడతారా అన్న ప్రశ్నలో ఆవేదన ఉంది. అయితే కేసు నమోదు కావడం, నేరం రుజువు కావడం రెండూ వేర్వేరు. పొలం కాపలాకు వెళ్లి, మీదపడిన దొంగను చంపిన రైతుపై కూడా హత్యానేరం సెక్షన్ కిందే కేసు కడతారు. ప్రాణరక్షణ కోసమే కొట్టానని అతడు కోర్టులో నిరూపించుకోవాలి. పాత సాక్ష్యచట్టం 105వ సెక్షన్ (ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 108) మోపిన బరువు అది. చట్టం ఇచ్చిన ఆత్మరక్షణ హక్కు రైతుకూ కానిస్టేబుల్‌కూ ఒక్కటే. ఖాకీకి ప్రత్యేకంగా ఇచ్చిందేమీ లేదు.

సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న, మహారాష్ట్ర కేసులో, పదహారు సూత్రాలు విధించింది. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీ లేదా మరో స్టేషన్ బృందం చేయాలి, ఘటన జరిగిన వెంటనే పతకాలూ ప్రమోషన్లూ ఇవ్వరాదు. మంచి సూత్రాలే. కానీ ఆ ఎఫ్‌ఐఆర్ ఎవరిపై అన్నది 2009 తీర్పు చెప్పినంత సూటిగా అందులో లేదు. ఆ ఖాళీలోకే పాత అలవాటు తిరిగొచ్చింది.

చటాన్‌పల్లిలో కనిపించింది అదే. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులనూ షాద్‌నగర్ దగ్గర ఆమె మృతదేహం దొరికిన చోటికి తీసుకెళ్లి పోలీసులు కాల్చిచంపారు. తుపాకులు లాక్కుని తమపై కాల్చారన్నది పోలీసుల కథనం. హత్యాయత్నం కేసు చనిపోయిన నలుగురిపైనే నమోదైంది. అక్కడికి చేరిన జనం పోలీసులపై పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. వాళ్లను నిందించడం నాకు చేతకాదు. ఢిల్లీలో 2012 డిసెంబరు నాటి సామూహిక అత్యాచారం, హత్య నేరానికి అప్పటికి దాదాపు ఏడేళ్లయినా శిక్ష అమలుకాలేదు. న్యాయం ఆలస్యమైన ఇంటి గుమ్మం ముందే ఆ పూలు రాలాయి.

కానీ ఆ పూలకు ఒక మూల్యం ఉంది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్‌పుర్‌కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటననాటికి మైనర్లని చెప్పింది. ఈ చివరి వాక్యం చదివాక ఆ ఉదయపు సంబరాన్ని గుర్తుచేసుకోవడం కష్టంగా ఉంటుంది. వయసు తేల్చాల్సింది కోర్టు. ఆ నలుగురినీ కోర్టు మెట్లెక్కనివ్వలేదు. వాళ్లే నేరం చేశారా, నలుగురి పాత్రా ఒకటేనా అన్న ప్రశ్నలూ వాళ్లతోపాటే పోయాయి. అందువల్ల ఆ డాక్టరమ్మ కుటుంబానికి కూడా తీర్పు అనేది దక్కలేదు.

శిక్షలు పడటం అసాధ్యమేమీ కాదు. 1997లో ఢిల్లీ కన్నాట్‌ప్లేస్‌లో ఇద్దరు వ్యాపారులను కాల్చిచంపిన పదిమంది పోలీసులకు పడిన యావజ్జీవాన్ని సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. 1991 నాటి ఉత్తరప్రదేశ్ పీలీభీత్ బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో 2016లో 47 మంది పోలీసులు దోషులయ్యారు. ఈ రెండు కేసుల్లోనూ దర్యాప్తు చేసింది స్థానిక పోలీసులు కాదు, సీబీఐ. చట్టంలో సెక్షన్లకు కొదవ లేదు. కాల్చినవాడి సహోద్యోగులే ఫైలు తెరవడం, ఆ ఫైల్లో చనిపోయినవాడే ముద్దాయి కావడం అసలు అడ్డంకి. 2009 తీర్పు ఆ గడిని సరిదిద్దబోయింది. శాసనసభలు ఆ పని ఇప్పుడైనా చేయవచ్చు.

సిర్‌పుర్‌కర్ నివేదిక 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు అందింది, మే నెలలో బహిర్గతమై తెలంగాణ హైకోర్టుకు చేరింది. 2024లో ఆ నివేదిక ఆధారంగా పోలీసులపై తదుపరి చర్యలను హైకోర్టు నిలిపివేసింది.