పాత కారును కరెంటు కారుగా మారుస్తున్నారా? గేర్‌బాక్స్ ఉంచాలా, తీసేయాలా?

ఇంజిన్ పని అయిపోయింది, బాడీ మాత్రం గట్టిగానే ఉంది. ఇలాంటి మారుతి 800, ఆల్టో, ఓమ్నీ బండి ఇంట్లో ఉంటే, ‘మోటారు, బ్యాటరీ పెట్టిస్తే పోలా’ అనే ఆలోచన రావడం సహజమే. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో సంస్థ ఆల్టో, వ్యాగన్ ఆర్ కార్లను ఇలా మార్చి చూపింది కూడా. ఆ తర్వాత అది ఎలక్ట్రిక్ మూడు చక్రాల బళ్ల వైపు వెళ్లింది.

ఇలా మార్చుకోవాలనుకునే వాళ్లు మొదట అడిగేది బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. గేర్‌బాక్స్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. కానీ నిండు బండి చెరువు కట్ట ఎక్కుతుందా, మోటారు వేడెక్కి ఆగిపోతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. నర్మెట్ట లాంటి చోట బండి దారిలో ఆగితే ఈ పని తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం. అందుకే ముందే తెలుసుకోవాలి.

ఇంజిన్ వేరు, మోటారు వేరు

పెట్రోల్ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు దానికి తిప్పే బలం, అంటే టార్క్, సున్నా. కొంత వేగంలో తిరుగుతూ ఉంటేనే బలం వస్తుంది. అందుకే క్లచ్, అందుకే నాలుగైదు గేర్లు. ఎలక్ట్రిక్ మోటారు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఇస్తుంది. చాలా ఎక్కువ వేగం వరకు తిరుగుతుంది. కంట్రోలర్‌తో వెనక్కీ తిప్పొచ్చు. కాబట్టి కదలడానికి క్లచ్ గానీ, వెనక్కి పోవడానికి రివర్స్ గేరు గానీ తప్పనిసరి కాదు.

మరి గేర్లు అసలే వద్దా? అదే తొందరపాటు. లెక్క చూద్దాం.

ఒక చిన్న లెక్క

మారుతి 800 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.6 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే చక్రం నిమిషానికి దాదాపు 625 చుట్లు. గేరు, డిఫరెన్షియల్ కలిపి 8 రెట్లు తగ్గిస్తే మోటారు 5,000 చుట్లు తిరగాలి. 4 రెట్లే అయితే 2,500 చాలు. చిన్న కార్లలో రెండో గేరు ఈ 8కి, నాలుగో గేరు ఈ 4కి కాస్త దగ్గరగా ఉంటాయి.

ఇప్పుడు ఎత్తు సంగతి. మనుషులతో కలిపి 1,000 కిలోల బండి, 5 మీటర్లకు 1 మీటరు లేచే కట్ట మీద ఆగి మళ్లీ కదలాలి. 8 రెట్లయితే మోటారు నుంచి సుమారు 65 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. 4 రెట్లయితే 130. టార్క్ రెట్టింపు కావాలంటే కరెంటు కూడా అంత ఎక్కువ లాగుతుంది, వేడి పెరుగుతుంది. గేర్‌బాక్స్ తీసేస్తే పెద్ద మోటారు, పెద్ద కంట్రోలర్ కొనాల్సి వస్తుందన్నది ఇందుకే.

మూడు దారులు

1. గేర్‌బాక్స్, క్లచ్ రెండూ ఉంచడం. నడిపే తీరు పాతదే. గేర్లు మార్చడం సులువు. అయితే క్లచ్ ప్లేటు అరుగుదల, బరువు అలాగే ఉంటాయి.

2. గేర్‌బాక్స్ ఉంచి క్లచ్ తీసేయడం. అడాప్టర్ ప్లేటు, కప్లర్‌తో మోటారును నేరుగా గేర్‌బాక్స్‌కు బిగిస్తారు. ఊళ్లో రెండో గేరు, రోడ్డు మీద మూడో గేరు వేసుకుంటే దాదాపు సరిపోతుంది. కదులుతూ గేరు మార్చాలంటే కాలు తీసి, కాసేపు ఆగి, మెల్లగా వేయాలి. తొందరపడితే గేర్‌బాక్స్‌లోని సింక్రోనైజర్లు పాడవుతాయి.

3. గేర్‌బాక్స్ తీసేసి ఒకే నిష్పత్తి ఉన్న తగ్గింపు గేరు పెట్టడం. కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. నడపడం హాయి, శక్తి వృథా తక్కువ. ఖర్చు మాత్రం ఎక్కువ.

మీ బండి ఏ రకం?

800, ఆల్టో లాంటి ముందు చక్రాలు లాగే కార్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే డబ్బాలో ఉంటాయి. గేర్‌బాక్స్ తీస్తే డిఫరెన్షియల్ కూడా పోతుంది. కొత్త యాక్సిల్ షాఫ్టులు చేయించాలి. ఓమ్నీ, అంబాసిడర్ లాంటి వెనుక చక్రాలు లాగే బళ్లలో డిఫరెన్షియల్ వెనుక విడిగా ఉంటుంది. గేర్‌బాక్స్ తీసినా ప్రొపెల్లర్ షాఫ్టుతో పని నడుస్తుంది, కానీ మోటారు బలంగా ఉండాలి. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే దాని ఆయిల్ పంపు తిరగడానికి మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. దాని జోలికి పోకపోవడమే మేలు.

ఉంచితే ఇవి చూసుకోండి

మారుతి 800 ఇంజిన్ ఇచ్చేది సుమారు 59 న్యూటన్ మీటర్లే. దాని గేర్‌బాక్స్ ఆ బలానికి తగ్గట్టే చేసింది. 120 ఇచ్చే మోటారు తగిలించి కంట్రోలర్‌లో హద్దు పెట్టకపోతే గేరు పళ్లు, యాక్సిల్ షాఫ్టులు విరగొచ్చు.

మోటారు షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు ఒకే వరుసలో ఉండాలి. వెంట్రుక వాసి తేడా ఉన్నా బేరింగులు తొందరగా పోతాయి. అడాప్టర్ ప్లేటు మంచి లేత్ పనివాడే చేయాలి.

కాలు తీసినప్పుడు బ్యాటరీ చార్జ్ అయ్యే ఏర్పాటు ఉంటే గేరు పళ్ల మీద వెనుక వైపు నుంచి ఒత్తిడి పడుతుంది. అరిగిన గేర్‌బాక్స్ అయితే గేరు ఊడిపోతుంది. ముందే విప్పించి చూపించండి, ఆయిల్ మార్పించండి.

ఇంకోటి ప్రాణాల మీదికి తెచ్చేది. ఇంజిన్ ఉన్న కారును గేరులో వదిలితే ఏటవాలులో ఆగుతుంది. మోటారు అలా పట్టి ఉంచదు. గేరులో ఉన్నా బండి జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ బాగుండి తీరాలి. బ్రేకు బూస్టర్ ఉన్న కార్లకు వాక్యూమ్ పంపు విడిగా పెట్టాలి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం సొంతంగా బండి స్వరూపం మార్చడం కుదరదు. ఎలక్ట్రిక్ కిట్లకు ఏఐఎస్-123 మూడో భాగం ప్రమాణం ఉంది. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదిస్తాయి. మీ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టే తీసుకుని, రవాణా కార్యాలయంలో ఆర్‌సీలో ఇంధనం మార్పించుకోవాలి. బీమా కంపెనీకీ చెప్పాలి. ఆమోదం పొందిన కిట్‌లో గేర్‌బాక్స్ ఏర్పాటు ఎలా ఉంటే అలాగే ఉంచాలి. షెడ్డులో మళ్లీ మారిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

చివరగా

నర్మెట్ట నుంచి జనగామ దాకా పోయొచ్చే చిన్న కారైతే, గేర్‌బాక్స్ బాగుంటే దాన్ని ఉంచుకోవడమే తెలివైన పని. చిన్న మోటారుతో కట్ట ఎక్కుతుంది, ఖర్చు తగ్గుతుంది. గేర్‌బాక్స్ ఇప్పటికే అరిగిపోయి ఉంటే మాత్రం దాని బాగు ఖర్చును, ఒకే నిష్పత్తి గేరు ఖర్చును పక్కపక్కన రాసుకుని చూడండి. బ్యాటరీకి అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే.