గోడల మధ్య అరగంట

మన పూర్వీకుల చరిత్ర వ్రాసేటప్పుడు మనం ఓడలను గురించి వ్రాస్తాము, చెరకు తోటలను గురించి వ్రాస్తాము, కట్టుకున్న గుడులను, పెట్టుకున్న బడులను గురించి వ్రాస్తాము. జైలును గురించి మాత్రం వ్రాయము. ఇంట్లో ఆ మాట ఎత్తితే పెద్దలు ముఖం పక్కకు తిప్పుకునేవారు.

నిజానికి జైలు మనవారికి మొదటినుండి తెలిసిన చోటే. 1860లో ట్రూరో ఓడ మద్రాసునుండి డర్బన్ రేవుకు వచ్చిన తరువాత నేటాల్‌లో గిర్మిట్ కూలీలకు వర్తించిన చట్టాలు ఎటువంటివో తెలిసినదే. దొర వ్రాసి ఇచ్చిన చీటీ లేకుండా ఎస్టేటు దాటిపోతే నేరము. పనికి రాకపోయినా నేరమే. జరిమానా, లేదా జైలు. ఎవరి సొమ్మూ ముట్టనివాడు, ఎవరినీ కొట్టనివాడు, పక్క ఎస్టేటులో ఉన్న తన ఊరివాణ్ణి చూడబోయి ఖైదీ అయిన కాలమది. అందులో దాచుకోవలసిన సిగ్గు ఏమున్నదో మాకు తెలియదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది శిక్షలను గురించి కాదు. జైలులో మనిషి పని చేయని సమయం ఎట్లా గడిచేది, ఆ కొద్ది సమయం కోసం అతడు ఎంత పోరాడవలసి వచ్చేది అన్న సంగతి. పని ఇవ్వటానికి ఏ జైలూ వెనుకాడదు. ఆట మాత్రం అడిగి తెచ్చుకోవలసిందే.

మొదటి ఉదాహరణ గాంధీగారిదే. 1908 జనవరి 10న జొహానెస్‌బర్గ్‌లో ఆయనకు రెండు నెలల సాధారణ ఖైదు వేశారు. సాధారణ ఖైదు అంటే పని లేదు, రోజంతా కూర్చోవటమే. రోజు రోజుకూ సత్యాగ్రహులు వచ్చి చేరి నూటయాభై మంది దాకా అయినారు. ఊరక కూర్చుంటే ఆరోగ్యం పాడవుతుందని వారు డ్రిల్లు చేయటానికి అనుమతి కోరి తెచ్చుకున్నారు. నవాబ్ ఖాన్ అనే పఠాన్ ఒకరు డ్రిల్లు చేయించేటప్పుడు 'స్టాండ్ ఎట్ ఈజ్' అనే ఆజ్ఞ ఆయన నోట 'సండ్లీస్' అని వచ్చేదట. అది ఏ హిందూస్తానీ మాటో మొదట ఎవరికీ అర్థం కాలేదని, అర్థమైన తరువాత అందరూ నవ్వుకున్నారని గాంధీగారు 'దక్షిణాఫ్రికా సత్యాగ్రహం' గ్రంథంలో వ్రాశారు. జైలు ఆవరణలో ఖైదీలు కలిసి నవ్విన ఆ నవ్వు మాకు పెద్ద ఉపన్యాసాలకంటె ఎక్కువ గుర్తుంటుంది.

1913 సమ్మె నాటికి పరిస్థితి వేరు. నేటాల్ జైళ్ళు చాలక బొగ్గు గనుల ఆవరణలనే జైళ్ళుగా ప్రకటించి, సమ్మె చేసినవారిని తిరిగి అవే గనులలోకి దింపారు. అక్కడ డ్రిల్లు ఊసు లేదు.

గాంధీగారితోపాటు 1908లో మొదటి జట్టులోనే శిక్ష పడినవారిలో తంబి నాయుడుగారు ఒకరు. ఆయన మనవడు ఇంద్రేస్ నాయుడు 1963లో రాబెన్ ద్వీపానికి ఖైదీగా పోయి పది సంవత్సరాలు అక్కడ ఉన్నారు. ఆ అనుభవాన్ని 1982లో 'ఐలండ్ ఇన్ చైన్స్' అనే పుస్తకంగా ఇచ్చారు. కేప్‌టౌన్ ఎదుట సముద్రంలో ఉన్న ఈ ద్వీపానికి తెల్ల ఖైదీలను పంపలేదు. ఆఫ్రికనులు, కలర్డ్ వారు, మన భారతీయులు మాత్రమే. కాని ఆ ముగ్గురినీ ఒక్కటిగా చూడలేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. 1964 జూన్‌లో రివోనియా కేసు ఖైదీలు ద్వీపానికి వచ్చినప్పుడు మండేలా, సిసులు వంటి పెద్దలకు పొట్టి లాగులు ఇచ్చారు. వారందరిలో చిన్నవాడు, 34 సంవత్సరాల అహమద్ కత్రాడా. ఆయనకు పొడుగు ప్యాంటు. కారణం ఒక్కటే, ఆయన భారతీయుడు. తిండి కూడా అంతే. భారతీయులకు, కలర్డ్ వారికి సాయంత్రం పావు రొట్టె ఇచ్చేవారు. దాన్ని పిల్లి తల అనే అర్థంలో 'కాట్‌కాప్' అని పిలిచేవారు. ఆఫ్రికనులకు ఆ రొట్టె లేదు, మళ్ళీ మొక్కజొన్న జావే. పంచదారలో, మాంసంలో కూడా తేడా. ఈ తేడా 1979 దాకా పోలేదు. కత్రాడాగారు ఆ ఎక్కువ భాగాన్ని వద్దనాలని అనుకుంటే తోటి ఖైదీలైన పెద్దలు ఒప్పుకోలేదు. వచ్చినదాన్ని వదులుకోవద్దు, అందరికీ సమానంగా రావాలని పోరాడుదామన్నారు. రొట్టె మాత్రం పంచుకుని తినేవారు. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు మేము ఎప్పుడూ ఇక్కడ కొంచెంసేపు ఆగుతాము. ఆ పావు రొట్టె మన బడులలో, మన వీధులలో, ఉద్యోగాలలో కూడా ఉన్నదే. దాన్ని పంచుకున్నవారు ఎంతమంది, మూట కట్టుకున్నవారు ఎంతమంది అన్నది ఎవరికి వారే లెక్క చూసుకోవాలి.

ఇక ఆట సంగతి. వారమంతా రాతి గనిలో బండలు కొట్టి, శని ఆదివారాలు ఖైదీలు గదులలోనే మూతపడి ఉండేవారు. చిరుగు గుడ్డలను బంతిగా చుట్టి దొంగచాటుగా ఆడుకునేవారు. 1964నుండి, ఫిర్యాదులు చెప్పుకొనే అవకాశం వచ్చినప్పుడల్లా ఫుట్‌బాలు ఆడనివ్వమని అడిగారు. అడిగినందుకు తిండి మాన్పించిన రోజులున్నాయి. అయినా మళ్ళీ అడిగేవారు. ఇట్లా మూడు సంవత్సరాలు జరిగింది. రెడ్‌క్రాస్ వారి ఒత్తిడి కూడా తోడై చివరకు 1967 డిసెంబరులో ఒక శనివారం అరగంట ఆటకు అనుమతి వచ్చింది. ఆడినవి రేంజర్స్, బక్స్ అనే జట్లు. మైదానాన్ని చదును చేసినది కూడా ఖైదీలే.

1969లో వారు మకానా ఫుట్‌బాల్ అసోసియేషన్ స్థాపించారు. 1819లో ఈ ద్వీపంలోనే ఖైదు చేయబడి, పడవలో తప్పించుకోబోయి మునిగిపోయిన ఖోసా వీరుడు మకానా. ఆయన పేరు పెట్టుకున్నారు. ఫీఫా నియమాల ప్రకారమే ఆట. మూడు డివిజనులు, రిఫరీలకు శిక్షణ, క్రమశిక్షణ సంఘం, ప్రతి సమావేశానికి మినిట్సు. పదిహేనవ ఏట ద్వీపానికి వచ్చిన డిక్‌గాంగ్ మొసెనెకే ఈ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఆ తరువాత దేశపు ఉప ప్రధాన న్యాయమూర్తి అయినాడు. ఒక ఓటమిమీద వచ్చిన తగాదా నెలల తరబడి నడిచిందట. వాదనలు, జవాబులు, అప్పీళ్ళు, అన్నీ ఉత్తరాల మీదనే. మన సంఘాల వార్షిక సమావేశాలు చూసినవారికి ఇది వింతగా తోచదు! కాని ఒక తేడా ఉన్నది. ఓటు హక్కు లేనివారు, సొంత పేరు పోయి నంబరుతో పిలిపించుకునేవారు, తమ చట్టం తామే వ్రాసుకుని దానికి తామే లోబడి నడిచారు. 2007 జూలైలో ఫీఫా మకానా సంఘాన్ని గౌరవ సభ్యసంఘంగా స్వీకరించింది.

మండేలా, కత్రాడా ఉన్న ఏకాంత విభాగం వారికి ఈ ఆటలో చేరే అనుమతి లేదు. మండేలాగారు సోమవారంనుండి గురువారందాకా తన గదిలోనే, ఏడెనిమిది అడుగుల చోటులో, నిలబడినచోటే నలభైఅయిదు నిమిషాల దాకా పరుగెత్తేవారు. తరువాత వేళ్ళమీద నూరు దండీలు. 1970లలో వారి ఆవరణ నేలకు ఆకుపచ్చ రంగు వేసి టెన్నిస్ కోర్టు చేశారు. తన బ్యాక్‌హ్యాండ్ బలహీనమని ఆయనే వ్రాసుకున్నారు. చదరంగము, బ్రిడ్జి పోటీలు కూడా ఉండేవి.

ఆ విభాగంలోనే 1972నుండి ఆరు సంవత్సరాలు డర్బన్‌కు చెందిన సోనీ వెంకటరత్నం ఉన్నారు. ఆ పేరు మన తెలుగు చెవికి చుట్టరికం గల పేరు. ఆయన ఇంటినుండి షేక్స్‌పియర్ సమగ్ర రచనలు తెప్పించుకున్నారు. అధికారులు దాన్ని తీసుకుపోతే, అది తన మత గ్రంథమని వార్డరుకు చెప్పి తిరిగి తెచ్చుకున్నారు. మళ్ళీ పోకుండా, దీపావళికి వచ్చిన గ్రీటింగు కార్డులలోని దేవుళ్ళ బొమ్మలు కత్తిరించి అట్టమీద అంటించారు. తరువాత ఆ పుస్తకాన్ని తోటి ఖైదీలకు ఇచ్చి, నచ్చినచోట సంతకం చేయమన్నారు. ముప్ఫైకి పైగా ఖైదీలు చేశారు. మండేలాగారు 1977 డిసెంబరు 16న జూలియస్ సీజర్‌లో చేశారు. సిసులుగారు వెనిస్ వర్తకుడిలో, యూదుడైన షైలాక్ తన అవమానాలను చెప్పుకునే చోట చేశారు. ఇరవై సంవత్సరాలు అక్కడ గడిపిన డర్బన్ కార్మిక నాయకుడు బిల్లీ నాయర్ 'టెంపెస్ట్' నాటకం తీశారు. అందులో కాలిబన్ అనే బానిస ఈ ద్వీపం నాదని మొరపెట్టుకునే చోటు ఒకటి ఉన్నది. అక్కడ తన పేరు వ్రాశారు.

2012లో ఆ పుస్తకాన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. దీపావళి బొమ్మలు అట్టమీద అట్లాగే ఉన్నాయి.