దగ్గర, ప్రక్క, ఎదురు: అల్ ఖౌద్ నేర్పిన మాటలు

హజర్ పర్వతపంక్తిని తూర్పు పడమరలుగా విభజించు సమాయిల్ లోయ నీరు కొండలను వీడి తీరమైదానములోనికి దిగుచోట, మస్కట్ గవర్నరేటులోని సీబ్ విలాయతునందు, అల్ ఖౌద్ అను పాత పల్లె యున్నది. అచటివారు వాదీ అని పిలుచు ఆ యేరు ఏడాదిలో అధికభాగము ఇసుకయు గులకరాళ్లునై యెండి, కొండలపై వాన కురిసిననాడు మాత్రము హఠాత్తుగా పొంగివచ్చును. అట్టి ఊరిలో 'వాదీ ప్రక్కన' అనుటకును 'వాదీలో' అనుటకును గల భేదము ప్రాణముతో ముడివడినది.

వరదనీటిని నిలిపి, భూమిలో నింకించి, తీరప్రాంతపు బావులను బ్రతికించుటకై 1985లో అచట ఆనకట్ట వెలసినది. మరుసటి యేడు, 1986లో, సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. విజ్ఞాన, వైద్య, ఇంజనీరింగు విద్యలు అందు ఆంగ్లమున సాగుటచేతను, నానాదేశములవారు పనులకై వచ్చి చేరుటచేతను, అరబ్బీ యెరుగని తెనుగువానికిని తెనుగెరుగని ఒమానీకిని ఆంగ్లమే నడుమ నిలిచెను. ఉత్తరములు సామాన్యముగా ఇంటి గడపకు గాక తపాలాపెట్టెకు చేరు దేశమది. ఇల్లు చెప్పవలెనన్న మసీదునో, రౌండబౌటునో, పెట్రోలు బంకునో గురుతుగా నిలిపి, దాని కే వైపున నున్నామో నోటితో చెప్పవలసినదే.

చిక్కంతయు ఇచటనే. మన 'దగ్గర' మిక్కిలి ఉదారమైన పదము. 'యూనివర్సిటీ దగ్గరున్నాను' అన్నవాడు ద్వారము కడనే నిలిచి యుండవచ్చును, అరమైలు దూరమున నుండవచ్చును. ఆంగ్లమున మొదటిదానికి 'ఎట్', రెండవదానికి 'నియర్' కావలెను. మనవాడు రెంటికిని 'నియర్' అనును. 'ఎదురుగా' అను మాట మరింత శ్రమపెట్టును. మసీదు ముంగిట నిలిచినవాడును, వీధి కావలి గట్టున నిలిచినవాడును మనకు మసీదు కెదురుగానే యున్నారు. ఆంగ్లమున ముంగిటివాడు 'ఇన్ ఫ్రంట్ ఆఫ్', ఆవలివాడు 'ఆపోజిట్'. అరబ్బీలోను 'అమామ్', 'ముఖాబిల్' అని వేర్వేరు మాటలే కలవు. నడుమ గట్టు కట్టిన వెడల్పాటి రోడ్డుపై ఈ మాట తప్పినచో, కారువాడు ముందరి రౌండబౌటు వరకు పోయి మరలి రావలెను. ఎండలో నిలుచున్నవానికి ఆ కొద్దిసేపే యొక యుగము.

ఈ ఆంగ్లపదముల పుట్టుక తెలిసినవానికి వాని వాడుక సులభమగునని నా నమ్మకము. 'నై' అను పాత ఆంగ్లపదమునకు సమీపమని యర్థము. దానికన్న సమీపము 'నియర్'. అన్నిటికన్న సమీపము 'నెక్స్ట్'. కాలక్రమమున 'నియర్' తన తరతమభావమును కోలుపోయి సామాన్యపదము కాగా, దానిపై మరల 'నియరర్' అని కొత్త తరభావమును తగిలించిరి. కాని 'నెక్స్ట్' మాత్రము తన తమభావమును విడువలేదు. అందుచేతనే 'నెక్స్ట్ టు' అన్నపుడు నడుమ మరియొక కట్టడము ఉండరాదు. 'బిసైడ్' అనునది ప్రక్క అను నామవాచకమునుండియే పుట్టినది గనుక మన 'ప్రక్కన'కు తోబుట్టువు వంటిది. 'బిట్వీన్' అను మాటలో రెండను సంఖ్య దాగియున్నది. 'నైబర్' అనగా సమీపవాసి. ఇరుగుపొరుగను మన జంటపదము కంటె ఇది యొంటరిగా తోచును.

అరబ్బీలో 'ఖరీబ్' అన్నను దగ్గరయే, బంధువన్నను అదియే. దగ్గరివారని చుట్టములను చెప్పుకొను మనకు ఆ మాట విన్నంతనే పాతపరిచయము వలె నుండును.

తెనుగునకు స్థాననిర్దేశమున సూక్ష్మత లేదని మాత్రము ఎవరును తలపరాదు. దానమిచ్చిన గ్రామముల యెల్లలను పూర్వపు తామ్రశాసనములు దిక్కువారీగా, చెట్టును పుట్టను సైతము విడువక, పేర్కొన్నవి. నేటికిని భూమి దస్తావేజులలో నాలుగు హద్దులును వ్రాయక రిజిస్ట్రేషను సాగదు. పొలము చేతులు మారునపుడు మనము చూపు ఆ శ్రద్ధనే అల్ ఖౌద్ వీధిలో ఫోను పట్టుకొన్న తెనుగువాడును చూపి, 'నియర్ మాస్క్' అని విడువక, మసీదున కావలివైపున, మందులషాపును ఆనుకొని, అని రెండు హద్దులు చెప్పిన చాలును; కారు వచ్చి అతని ముందే ఆగును.