మాత్ర, సూది, ఒంటి బరువు

తెలుగులో లావు కావడాన్ని 'ఒళ్ళు చేయడం' అంటాం. ఒకప్పుడు అది మెచ్చుకోలు. పుట్టింటికి వచ్చిన కూతురు కాస్త ఒళ్ళు చేసి కనబడితే అత్తారింట్లో సుఖంగా ఉందని అమ్మలక్కలు సంతోషించేవారు. 'చిక్కిపోయావేమే' అంటే ఏదో కష్టం దాస్తున్నావని అర్థం. మా తరానికి వచ్చేసరికి ఆ మెచ్చుకోలు తిరగబడింది. 'లావయ్యావేంటి?' అనేది ఇప్పుడు పెళ్ళిళ్ళలో పలకరింపు. చిక్కినా, ఒళ్ళు చేసినా ఆడదాని ఒంటిని చదివి తీర్పు చెప్పే హక్కు మాత్రం అందరికీ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ఒంటిలో ఏం జరుగుతోందో ఆమె స్వయంగా చెప్తే నమ్మేవాళ్ళే తక్కువ.

గర్భనిరోధక హార్మోన్ల వల్ల బరువు పెరుగుతుందా? ఈ ప్రశ్నను ఆడవాళ్ళు మొదటి మాత్ర వచ్చిన రోజుల నుంచీ అడుగుతున్నారు. ఒక్కో పద్ధతికీ విడివిడిగా, నమ్మదగిన జవాబు చెప్పడానికి వైద్యశాస్త్రానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. అంత ఆలస్యం ఎందుకు జరిగిందన్నదే నేనిక్కడ చెప్పాలనుకుంటున్న చరిత్ర.

మొదటి మాత్ర పేరు ఎనోవిడ్. అమెరికాలో 1957లో బహిష్టు సమస్యలకు మందుగా అనుమతి పొంది, 1960లో గర్భనిరోధక మాత్రగా మారింది. అంతకు ముందు, 1956లో, దాన్ని ప్యూర్టోరికోలోని ఒక పేదల కాలనీలో ఆడవాళ్ళ మీద పరీక్షించారు. ఆ పరీక్షలు నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే కూడా స్త్రీయే. వాడిన వాళ్ళలో 17 శాతం మందికి తలతిరగడం, వికారం, వాంతులు, తలనొప్పి, కడుపునొప్పి ఉన్నాయని, ఇన్ని ఇబ్బందులున్న మందు అందరికీ పనికిరాదని ఆమె రాసింది. పరిశోధనకు పెద్దలైన గ్రెగరీ పింకస్, జాన్ రాక్ ఆ ఫిర్యాదుల్లో చాలావరకు మానసికమని తేల్చేశారు. మాత్ర గర్భాన్ని ఆపుతోంది కదా, వాళ్ళకు కావలసిన జవాబు దొరికింది. మిగిలినవన్నీ ఆడవాళ్ళ గొణుగుడు కింద జమ అయ్యాయి.

ఆ మాత్రలో ఎంత మందు ఉండేదో చూస్తే ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. 10 మిల్లీగ్రాముల ఎనోవిడ్‌లో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ ఆస్పత్రులు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 30 మాత్రమే. ఈస్ట్రోజన్ శరీరంలో ఉప్పునూ నీటినీ నిలవ చేస్తుంది. కాళ్ళు బరువెక్కాయి, రొమ్ములు సలుపుతున్నాయి, ఒళ్ళు నీరు పట్టినట్టుంది అని ఆనాటి ఆడవాళ్ళు చెప్పింది ఊహ కాదన్నమాట. మన ఇళ్ళల్లో 'నీరు పట్టడం', 'ఒళ్ళు చేయడం' వేరువేరు మాటలు. ముసలమ్మలు కూడా ఈ రెండింటికీ తేడా చెప్పగలరు. క్లినిక్‌లో తూకం యంత్రం మీద మాత్రం రెండూ ఒకే అంకె.

నోరు విప్పిన వాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. 1969లో బార్బరా సీమన్ మాత్ర ప్రమాదాల మీద పుస్తకం రాసింది. ఆ పుస్తకం ఫలితంగా 1970 జనవరిలో అక్కడి సెనేట్ విచారణ జరిపింది. సాక్షులుగా డాక్టర్లనూ శాస్త్రవేత్తలనూ పిలిచారు. మాత్ర మింగిన స్త్రీని ఒక్కరినైనా పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమె స్నేహితురాళ్ళు ప్రేక్షకుల్లోంచి లేచి 'మమ్మల్నెందుకు అడగరు?' అని నిలదీశారు. వాళ్ళ గొడవ వల్లనే అదే సంవత్సరం మాత్రల పెట్టెలో, వాడే మనిషికి ప్రమాదాలు తెలిసేలా ఒక కాగితం పెట్టాలన్న నిబంధన వచ్చింది. ఈ రోజు మనం మందు పెట్టె విప్పి, మడతలు విప్పకుండా పారేసే ఆ సన్నటి కాగితం వెనక ఆడవాళ్ళ పోరాటం ఉంది.

ఆ పోరాటానికి మన దగ్గర ఒక అధ్యాయం ఉంది. దాన్ని మనం తగినంతగా గుర్తు చేసుకోం. 1980ల మధ్యలో భారత వైద్య పరిశోధనా మండలి నెట్-ఎన్ అనే ఇంజక్షన్‌ను పరీక్షిస్తోంది. రెండు నెలలకోసారి 200 మిల్లీగ్రాములు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ళకు అది ప్రయోగమన్న సంగతి చెప్పడం లేదని స్త్రీశక్తి సంఘటన సభ్యులకు తెలిసింది. 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిన సంఘటనే ఇది. 1986లో ఈ సంస్థ, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. పద్నాలుగేళ్ళు నడిచి 2000లో ఆ కేసు ముగిసింది. నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం తగదని ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది.

పటాన్‌చెరులో అడిగిన ప్రశ్న బరువు గురించి కాదు, సమ్మతి గురించి. కానీ ఈ రెండూ ఒక చోట కలుస్తాయి. మాత్ర అయితే నచ్చకపోతే రేపటి నుంచి మానెయ్యొచ్చు. సూది ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక బయటికి తీయలేం. రెండు నెలలో మూడు నెలలో అది ఏం చేస్తే అది భరించాలి. కాబట్టి 'ఇది వేస్తే నీ ఒంట్లో ఏ మార్పులు రావచ్చు' అన్నది ముందే తెలియాలి. రక్తస్రావం క్రమం తప్పుతుందా, ఎముకల మాటేమిటి, బరువు పెరిగే అవకాశం ఉందా? ఇవన్నీ చెప్పాకే 'సరే' అన్న మాటకు విలువ.

మరో విషయం. 'చిన్నపాటి దుష్ఫలితం' అన్న మాటకు ఏ ఒళ్ళు కొలమానం? 40 కిలోల కూలిమనిషికీ, 80 కిలోల అమెరికన్ స్త్రీకీ డెపో-ప్రొవెరా మోతాదు ఒకటే, 150 మిల్లీగ్రాములు. సరిగా తిండి లేని స్త్రీల శరీరాల్లో ఈ హార్మోన్లు ఎలా పనిచేస్తాయన్న ప్రశ్నను మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో మహతాబ్ బాంజీ లాంటి శాస్త్రజ్ఞులు పట్టించుకున్నారు. మాత్రలు వాడే పేద స్త్రీలలో విటమిన్ల స్థితి ఎలా మారుతుందో పరిశీలించారు. అయితే కార్యక్రమాలు నడిపే వాళ్ళకు అలాంటి ప్రశ్నలు ఎప్పుడూ తర్వాతి వరసే. బక్కచిక్కిన మనిషి రెండు కిలోలు పెరిగితే మంచిదే కదా అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను. పెరిగేది కండో, కొవ్వో, నీరో అడక్కుండా పేద స్త్రీకి బరువును బహుమతిగా ఇచ్చేస్తారు. అదే ఫిర్యాదు మధ్యతరగతి అమ్మాయి చేస్తే అందం పిచ్చి అంటారు. ఇద్దరూ చెప్పింది ఒకటే, ఇద్దరికీ జవాబు దొరకలేదు.

నా పరిశోధన రోజుల్లో బహిష్టు సరిగా రావడం లేదని ఒక డాక్టరు నాకూ ఈ మాత్రలే రాసింది. మా హాస్టల్లో పీసీఓడీ పేరుతో అవి వాడే వాళ్ళం ప్రతి అంతస్తులోనూ ఉండేవాళ్ళం. అందరం స్ట్రిప్పులను బట్టల అడుగున దాచేవాళ్ళం. ఎవరన్నా చూస్తే పెళ్ళి కాని పిల్లకు ఈ మాత్రలెందుకు అని అడుగుతారని భయం. బరువు పెరుగుతున్నానని చెప్తే ఆ డాక్టరు నా వైపు చూడకుండానే 'అన్నం తగ్గించు' అంది. అసలు ఆ జబ్బుకే బరువుతో సంబంధం ఉంది. కారణం మాత్ర కావచ్చు, జబ్బు కావచ్చు, థీసిస్ పేరుతో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం కావచ్చు. ఆ మూడింటిలో ఏదో వెతకడం వైద్యం. అన్నం తగ్గించమనడం, అత్తగారు కూడా చేయగల పని.

ఇంతకూ శాస్త్రం చివరికి ఏం తేల్చింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే పోల్చి చూడాలి. హార్మోన్లు వాడకపోయినా వయసుతో చాలామంది కొంత బరువు పెరుగుతారు. వాడిన వాళ్ళను వాడని వాళ్ళతో పక్కపక్కన పెడితేగానీ తేడా తెలియదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ కలిసిన మాత్రల మీద 2014లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష 49 పరీక్షలను పరిశీలించింది. వాటిలో ఉత్తుత్తి మాత్రతోనో, ఏ మందూ వాడని వాళ్ళతోనో పోల్చినవి నాలుగంటే నాలుగు. కోట్లాదిమంది యాభై ఏళ్ళకు పైగా మింగిన మందు ఇది! దొరికిన ఆధారాల మేరకు ఈ మాత్రల వల్ల బరువు పెద్దగా పెరగదని ఆ సమీక్ష చెప్పింది. నేటి తక్కువ మోతాదు మాత్రల విషయంలో మనం భయపడినంత లేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ భయంతోనే మాత్ర మానేసి, అక్కర్లేని గర్భం మోసిన వాళ్ళున్నారు. జవాబు ముందే వెతికి ఉంటే వాళ్ళకు ఆ భయం తప్పేది.

ఇంజక్షన్ కథ వేరు. అమెరికాలో మూడేళ్ళ పాటు స్త్రీలను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో డెపో-ప్రొవెరా వాడిన వాళ్ళు సగటున 5.1 కిలోలు పెరిగారు. అందులో నాలుగు కిలోలకు పైగా కొవ్వే. హార్మోన్లు వాడని వాళ్ళు పెరిగింది 2.1 కిలోలు. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో, అప్పటికే స్థూలకాయం ఉన్న టీనేజి పిల్లలు ఈ ఇంజక్షన్ మీద 18 నెలల్లో సగటున 9.4 కిలోలు పెరిగారు. ఏ హార్మోనూ వాడని అదే రకం పిల్లలు 3.1 కిలోలు. బరువు పెరిగే మనస్తత్వం ఉన్నవాళ్ళే ఇంజక్షన్ ఎంచుకుని ఉంటారులే అని కొట్టిపారేయడానికి అప్పటికింకా వీలుంది. ఆ వీలు కూడా 2021లో పోయింది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 7,829 మంది స్త్రీలకు చీటీ తీసినట్టుగా మూడు పద్ధతులు కేటాయించి చేసిన ఎకో పరీక్ష అసలు ఉద్దేశం హెచ్ఐవీ గురించి. దాని నుంచే బరువు లెక్కలూ బయటికొచ్చాయి. ఏడాది, ఏడాదిన్నర కాలంలో ఇంజక్షన్ వాడిన వాళ్ళు సగటున 3.5 కిలోలు, చర్మం కింద ఇంప్లాంట్ పెట్టుకున్న వాళ్ళు 2.4 కిలోలు, హార్మోన్ లేని కాపర్-టి వాళ్ళు 1.5 కిలోలు పెరిగారు. ఇంజక్షన్ గురించి ఆడవాళ్ళు చెప్తూ వచ్చింది నిజమేనని తేలడానికి ఇన్నేళ్ళు పట్టింది. అదీ వేరే ప్రశ్న కోసం వేసిన వలలో పడిన జవాబు.

వైద్యానికి ఈ సంగతి బొత్తిగా తెలియకపోలేదు. ప్రొజెస్టిన్ కుటుంబానికే చెందిన మెజెస్ట్రాల్‌ను ఎయిడ్స్‌తో శుష్కించిపోయే రోగులకు ఆకలి, బరువు పెరగడానికి ఇవ్వవచ్చని 1993లో అమెరికా అనుమతిచ్చింది. డెపో-ప్రొవెరా అమ్మకానికి మన దేశం అనుమతించింది కూడా అదే 1993లో. ఒక చోట బరువు పెంచడం మందు గుణం. ఇంకో చోట అలాంటి మందే వాడి బరువు పెరిగానన్న స్త్రీది అనుమానం.

కంపెనీలు మాత్రం ఆడవాళ్ళ మాటను శ్రద్ధగా విన్నాయి, అమ్ముకోవడానికి. డ్రోస్పిరెనోన్ అనే కొత్త ప్రొజెస్టిన్ శరీరంలో నీటిని నిలవనివ్వదు. దాంతో చేసిన యాజ్ మాత్ర టీవీ ప్రకటనలు మొటిమలకూ, మానసిక చికాకుకూ ఉన్న ప్రయోజనాన్ని అతిగా చెప్తున్నాయని 2008లో అమెరికా ఔషధ సంస్థ బేయర్ కంపెనీని హెచ్చరించింది. తర్వాత కంపెనీ దిద్దుబాటు ప్రకటనలు ఇవ్వవలసి వచ్చింది. 2012లో ఈ రకం మాత్రలకు రక్తం గడ్డకట్టే ముప్పు గురించి అదనపు హెచ్చరిక చేర్చారు. ఒక ఇబ్బందిని దాటించే ఆశ చూపి, ఇంకో ప్రమాదాన్ని చిన్న అక్షరాల్లో పెట్టడం పాత కథే.

మన తెలుగు ప్రాంతాల్లో ఈ చర్చ అంతా ఒక పెద్ద నీడలో జరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో ప్రతి పదిమందికీ దాదాపు ఏడుగురు, తెలంగాణలో ఆరుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ లెక్కలోకి రానంత తక్కువ. బహుశా అందుకే మన సాహిత్యంలో ఆపరేషన్ ఉంది, కాన్పు ఉంది. కొండేపూడి నిర్మల లేబర్ రూమును, పాటిబండ్ల రజని అబార్షన్‌ను కవిత్వంలోకి తెచ్చారు. మాత్ర, సూది మాత్రం నా చదువులో చాలా అరుదుగా ఎదురయ్యాయి. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం ఆ ఖాళీని కొంత పూరించింది. కానీ అది ఆరోగ్య పుస్తకం. హార్మోన్లతో మారే ఒంటిని, మారే మనసును, అద్దంలో తనను తాను గుర్తుపట్టని ఉదయాలను రాయవలసింది మనం.

ఇది ఆలస్యం చేయగల పనీ కాదు. 2017 నుంచి డెపో ఇంజక్షన్ 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. ఆపరేషన్ తప్ప గతిలేని చోట ఇంకో పద్ధతి రావడాన్ని నేను వ్యతిరేకించను. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కావాలనుకునే స్త్రీకి, తాగివచ్చే మొగుడికి తెలియకుండా తనను కాపాడుకోవాలనుకునే స్త్రీకి అది అవసరం కావచ్చు. అడిగేది ఇంతే. సూది వేసే ముందు బరువు తూచి రాయండి. మూడు నెలల తర్వాత మళ్ళీ తూచండి. మొదటి ఆరు నెలల్లో 5 శాతానికి మించి పెరిగిన వాళ్ళు ఆ తర్వాత కూడా ఎక్కువగా పెరుగుతారని అధ్యయనాలు చెప్తున్నాయి కాబట్టి, ఆ మాట ఆమెకు ఆమె భాషలో చెప్పి వేరే దారి చూపించండి. తూకం యంత్రం, ఒక నోటు పుస్తకం, పది నిమిషాల సమయం చాలు. ఆశా కార్యకర్త చేతికి ఇవ్వలేనంత ఖరీదైనవేమీ కావివి. ఆ నోటు పుస్తకంలో అంకె పక్కన ఆమె చెప్పిన మాటకు కూడా ఒక గడి ఉండాలి.